నీరూ గడ్డీ అల్లాహ్ అమానతు

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్ కే శోభిస్తాయి. ఆకాశం నుండి ఒక కొలత ప్రకారం వర్షం కురిపించి, దానిని నేలలో నిలిపేవాడు ఆయనే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పై, ఆయన కుటుంబీకులపై, సహచరులందరిపై శాంతీ శుభాలూ కురియుగాక!



2021 వర్షాలకు ముందటి సంగతి. ధర్మవరం, పెనుకొండల మధ్య ఒక పల్లెకు చెందిన సోదరుడు జుమా నమాజు తర్వాత మా దగ్గరకు వచ్చి ఒక మస్అలా అడిగారు. ఆయన ఊరి చెరువులో చాలా ఏళ్ళుగా నీళ్ళు చేరలేదు. చెరువు లోపలంతా సర్కారు తుమ్మ పెరిగి అడవిలా మారింది. ఆయన అప్పు తెచ్చి, జెసిబి పెట్టి, కంప పీకించి, రెండెకరాలు చదును చేసి వేరుశనగ వేసుకున్నారు. "మౌలానా! చచ్చిన భూమికి ఎవరు ప్రాణం పోస్తే అది వారిదేనని హదీసులో ఉంది కదా! మరి ఈ భూమి నాదే అవుతుంది కదా?" అన్నది ఆయన ప్రశ్న.

ఆయన అయిదు పూటలా నమాజు చేసే మనిషి. మోసం చేయాలనే ఉద్దేశం ఆయనకు లేదు. ఆయన చెప్పిన హదీసు కూడా నిజమైనదే. అబూదావూద్, తిర్మిజీ గ్రంథాలలో అది ఉంది. అయినా మేము వెంటనే జవాబు చెప్పలేదు. కితాబు చూడకుండా, ఆ భూమినీ చూడకుండా ఫత్వా ఇవ్వడం తగదని అనిపించింది. ఆ మస్అలా వెతుకుతూ పోతే అది రెండెకరాల దగ్గర ఆగలేదు. నీటి హక్కు, గడ్డి హక్కు, పేదవాడి హక్కు, చివరికి ఎగిరే పక్షి హక్కు దాకా తీసుకుపోయింది. ఆ మాటలే ఈ నెల పాఠకుల ముందు ఉంచుతున్నాము.

అవి కూడా మనలాంటి సముదాయాలే

నేల మీద తిరిగే ఏ ప్రాణి అయినా, రెండు రెక్కలతో ఎగిరే ఏ పక్షి అయినా మనలాంటి సముదాయాలేనని దివ్య ఖుర్ఆన్ లోని అన్ఆమ్ సూరా 38వ ఆయతు బోధిస్తుంది. నూర్ సూరా 41వ ఆయతులో మరో అడుగు ముందుకు వేసి, రెక్కలు చాచి ఎగిరే పక్షులు అల్లాహ్ పవిత్రతను కొనియాడుతున్నాయని, ప్రతి ఒక్క దానికీ తన నమాజు ఏమిటో, తన తస్బీహ్ ఏమిటో తెలుసునని చెప్పబడింది. మనం సఫ్ లో నిలబడి నమాజు చేస్తుంటే, మన చెరువు గట్టున నిలబడిన కొంగ కూడా తనదైన తస్బీహ్ లో ఉన్నదన్న మాట. అటువంటి దాని చోటును పాడు చేసేటప్పుడు మన చేయి వణకాలి.

హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్ఊద్ (రజి) ఒక సంఘటన తెలిపారు. ప్రయాణంలో సహచరులు ఒక చిన్న పక్షి పిల్లలను రెండింటిని పట్టుకున్నారు. తల్లి పక్షి వచ్చి వారి మీద రెక్కలు కొట్టుకుంటూ తల్లడిల్లింది. దైవప్రవక్త (స) అది చూసి, పిల్లల విషయంలో దీనిని బాధపెట్టిందెవరని అడిగి, వాటిని తిరిగి ఇచ్చేయమని ఆజ్ఞాపించారు. ఇది అబూదావూద్ హదీసు. ఆ ప్రయాణంలో ఎన్నో పనులు, ఎన్నో బాధ్యతలు ఉండి ఉంటాయి. అయినా ఒక తల్లి పక్షి బాధ ఆయన (స) దృష్టి నుండి తప్పిపోలేదు.

ఒంటె వంతు

"మనుషులకే తాగడానికి లేని కరువు సీమలో పక్షుల గురించి ఉపన్యాసాలా?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మన ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే. బిందెల వరుసలు మనకు కొత్త కాదు.

ఈ ప్రశ్నకు సమాధానం సమూద్ జాతి చరిత్రలో ఉంది. వారికి తోటలు, ఊటలు, పంటలు ఉండేవి. కొండలు తొలిచి ఇళ్ళు కట్టుకునే నైపుణ్యం ఉండేది. అల్లాహ్ వారికి ఒక ఒంటెను సూచనగా పంపాడు. నీటిలో ఒక రోజు దాని వంతు, ఒక రోజు మీ వంతు అని హజ్రత్ సాలిహ్ (అలై) వారికి చెప్పారు. షుఅరా సూరాలో, ఖమర్ సూరాలో ఈ విషయం ఉంది. అల్లాహ్ భూమిలో దానిని మేయనివ్వండి, దానికి కీడు తలపెట్టవద్దు అని ఆరాఫ్ సూరా 73వ ఆయతులో హెచ్చరిక ఉంది. ఒక పశువుకు నీటిలో వంతు, మేతలో వంతు! ఆ వంతును సహించలేక వారు దానిని చంపారు. ఆ తర్వాత ఆ జాతి ఏమైందో మనకు తెలుసు.

సోదరులారా, ఆలోచించండి. ఆ ఒంటె అల్లాహ్ ప్రత్యేక సూచన. మన కొంగలు, కప్పలు, గొర్రెలు ఆ స్థాయివి కావు. కానీ పాఠం మాత్రం మనకూ వర్తిస్తుంది. నీళ్ళు తక్కువగా ఉన్నచోట వంతు అనే నియమం ఇంకా ముఖ్యమవుతుంది. నిండుగా ఉన్నప్పుడు పంచేవాడికి పరీక్ష ఎక్కడిది?

నఖీ లోయ

దైవప్రవక్త (స) మదీనా రాజ్యంలో కేవలం మస్జిదు కట్టి ఊరుకోలేదు. మేత భూములకు కూడా కట్టుబాటు చేశారు. మదీనాకు దక్షిణ దిశలో నఖీ అనే ఒక చోటు ఉంది. ఆ పేరుకు అర్థమే నీళ్ళు వచ్చి నిలిచే చోటు అని. వానలకు అక్కడ నీరు చేరి, అది ఇంకిపోయాక పచ్చిక మొలిచేది. ఆ పల్లపు పచ్చిక నేలను ఆయన (స) హిమాగా ప్రకటించారు. హిమా అంటే రక్షిత భూమి. ముస్లిముల గుర్రాల మేత కోసం దానిని కాపాడారు. అజ్ఞాన కాలంలో బలవంతులైన నాయకులు మంచి మేత నేలలను తమ కోసం ఆక్రమించుకునేవారు. ఆ పద్ధతిని ప్రవక్త (స) రద్దు చేసి, హిమా అన్నది అల్లాహ్ కు, ఆయన ప్రవక్తకు తప్ప మరెవ్వరికీ లేదని ప్రకటించారు. ఈ హదీసు బుఖారీలో ఉంది. అంటే రక్షణ ప్రజల మేలు కోసమేగాని పెద్దల పెత్తనం కోసం కాదు.

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ లో ఈ పద్ధతి మరింత విస్తరించింది. ఆయన హునయ్ అనే సేవకుణ్ణి హిమా కాపలాకు నియమించి చేసిన ఉపదేశం కూడా బుఖారీలో ఉంది. బాధితుడి శాపానికి భయపడమన్నారు. కొద్దిపాటి ఒంటెలు, గొర్రెలు ఉన్న పేదవాణ్ణి లోపలికి రానివ్వమన్నారు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్, ఉస్మాన్ బిన్ అఫ్ఫాన్ (రజి) వంటి సంపన్నుల మందలను మాత్రం ఆపమన్నారు. వారి పశువులు పోయినా వారికి తోటలు, పొలాలు ఉన్నాయి. పేదవాడి పశువు చనిపోతే పిల్లలను వెంటబెట్టుకొని తన దగ్గరకే వస్తాడని, అప్పుడు బంగారం, వెండి ఇవ్వడం కంటే ఇప్పుడు నీరూ గడ్డీ ఇవ్వడమే తనకు సులువని చెప్పారు. ఎంత లోతైన పరిపాలన!

ఇదంతా పాత కథ అనుకోవద్దు. లెబనాన్ దేశంలో 2004 నుండి ఈ హిమా పద్ధతిని గ్రామస్థులతో కలిసి మళ్ళీ నిలబెడుతున్నారు. బెకా లోయలోని కఫర్ జబద్ తడి నేల వాటిలో ఒకటి.

మస్అలాకు జవాబు

ఇప్పుడు ఆ సోదరుని ప్రశ్నకు వద్దాము. చచ్చిన భూమికి ప్రాణం పోయడం గురించిన హదీసుకు షరతులు ఉన్నాయి. బగ్దాదుకు చెందిన ఇమామ్ ఖుదూరీ (రహ్మ) హిజ్రీ 428లో మరణించారు. వారి గ్రంథాన్ని మన మదర్సాలలో నేటికీ బోధిస్తున్నాము. అందులో ఈ అధ్యాయంలో రెండు మాటలు స్పష్టంగా ఉన్నాయి.

మొదటిది: ఊరికి దగ్గరగా ఉండి, ఊరివారి పశువులకు మేతగా, కళ్ళాలుగా పనికివచ్చే భూమిని ఎవరూ సొంతం చేసుకోరాదు. రెండవది: ఫురాత్, దిజ్లా నదులు దారి మార్చుకొని వదిలిపోయిన భూమి సంగతి. నీరు మళ్ళీ అక్కడికి తిరిగి వచ్చే అవకాశం ఉంటే ఆ భూమిని ఎవరూ స్వాధీనపరచుకోరాదు. ఎందుకంటే నీటితో ప్రజలందరి అవసరం ముడిపడి ఉంది. నీరు తిరిగి వచ్చే అవకాశమే లేనప్పుడు, అది ఏ ఊరి అవసరానికీ చెందనిదైతేనే అది నిర్జీవ భూమి కింద లెక్క.

కాబట్టి చెరువు గర్భం చచ్చిన భూమి కాదు, నీటి కోసం ఎదురు చూస్తున్న భూమి. దానికి తోడు, నీరు, గడ్డి, నిప్పు ఈ మూడింటిలో ముస్లిములందరూ భాగస్థులని అబూదావూద్ హదీసు. గడ్డి దక్కకుండా చేయడానికి మిగులు నీటిని ఆపవద్దని బుఖారీ, ముస్లిం హదీసు. జానెడు భూమిని అన్యాయంగా తీసుకున్నవాడి మెడలో ప్రళయ దినాన ఏడు భూముల గుదిబండ వేయబడుతుందన్న హెచ్చరిక కూడా ఆ రెండు గ్రంథాలలో ఉంది. మన దేశ చట్టం కూడా ఇదే మాట చెబుతుంది. చెరువులు, కుంటలు ప్రజల ఉమ్మడి వనరులని, వాటిని కాపాడాలని 2001లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మన రాష్ట్రంలో నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో వాల్టా చట్టం వచ్చింది.

మేము ఆ ఊరికి వెళ్ళి చూశాము. కట్ట మీద గొర్రెలు కాస్తున్న ఒక పెద్దాయన కనిపించాడు. "ఇంక నీళ్ళు రావనుకుంటున్నారా?" అని అడిగితే, "నీళ్ళు దాని తావు మరిచిపోతాదా సామీ!" అన్నాడు. ఖుదూరీ ఇమామ్ చెప్పిన మాటనే ఆ కాపరి తన భాషలో చెప్పాడు.

మా జవాబు విని ఆ సోదరుడు కాసేపు మౌనంగా ఉండి, "మరి నా అప్పు ఎవరు తీరుస్తారు?" అన్నారు. దానికి మా దగ్గర కితాబు నుండి చూపడానికి పేజీ లేదు. హరామ్ అని చెప్పి ఇంటికి వెళ్ళిపోవడం సులువు. హజ్రత్ ఉమర్ (రజి) పేదవాడి పిల్లల గురించి కూడా ఆలోచించారు కదా! మస్జిదు పెద్దలతో మాట్లాడాము. కొందరు కలిసి ఖర్జె హసనాగా కొంత మొత్తం సర్దారు. ఆ పంట తీసుకొని ఆయన ఆ నేలను వదిలిపెట్టారు. మనసు నొచ్చుకుంటూనే వదిలారు. ఆ మాట దాచము.

2021 నవంబరులో ఏం జరిగిందో మీకు గుర్తే. చిత్రావతి పొంగి, చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి వద్ద వరదలో చిక్కుకున్నవారిని వాయుసేన హెలికాప్టరు వచ్చి కాపాడవలసి వచ్చింది. ఆ సోదరుని ఊరి చెరువు కూడా నిండి మరవ పారింది. ఆ రెండెకరాలు నడుము లోతు నీళ్ళలో మునిగాయి. ఆయన మాకు ఫోన్ చేసి, "మౌలానా, అల్హందులిల్లాహ్, ఈ సారి అక్కడ నా విత్తనం లేదు" అన్నారు. ఆ వేసవిలో నీరు వెనక్కి తగ్గుతున్న కొద్దీ తుంగ, గరిక మొలిచాయి. గొర్రెలు మేశాయి. తెల్ల కొంగలు దిగాయి.

వీరాపురం చెప్పే పాఠం

హిందూపురానికి, లేపాక్షికి దగ్గరలో చిలమత్తూరు మండలం వీరాపురం ఉంది. ఏటా చలికాలం చివరిలో ఎర్రకాళ్ళ కొంగలు ఆ ఊరికి చేరి, చింతచెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, వానాకాలంలో వెళ్ళిపోతాయి. వీటిని సైబీరియా పక్షులని చాలామంది అంటారు. అది పొరపాటు. ఇవి మన ఉపఖండానికి చెందినవే. పసుపు రంగు ముక్కు, తోక దగ్గర గులాబీ ఈకలు వీటి గుర్తు. ముక్కును కొద్దిగా తెరిచి లోతు తక్కువ నీటిలో ఆడిస్తూ, తగిలిన చేపను పట్టుకుంటాయి. అందుకే వాటికి నిండు జలాశయం కంటే మోకాలి లోతు నీరు నిలిచే చెరువు అంచులే ముఖ్యం.

ఆ ఊరివారు ఈ పక్షులను పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డల్లా చూసుకుంటారు. పెరట్లో రెట్టలు పడతాయి, వాసన వస్తుంది. అయినా ఓర్చుకుంటారు. వారిలో ఎక్కువమంది మన ధర్మం వారు కారు. కానీ మన ప్రవక్త (స) నేర్పిన దయాగుణం వారి ఆచరణలో కనిపిస్తే సంతోషించాలి, మన ఆచరణలో లేకపోతే సిగ్గుపడాలి. ఎవరైనా ముస్లిం చెట్టు నాటినా, పంట వేసినా, దానిలో నుండి పక్షి, మనిషి, పశువు తిన్నదంతా అతనికి సదఖా అవుతుందని బుఖారీ, ముస్లిం హదీసు. గింజ తిన్న పిచ్చుకకే ఇంత పుణ్యం ఉంటే, వందల గూళ్ళకు నీడనిచ్చే చెట్టును కాపాడినవారికి ఎంత ఉంటుందో అల్లాహ్ కే తెలుసు.

చాలామంది కుటుంబాలతో వీరాపురం చూడడానికి వెళుతుంటారు. వెళ్ళడం మంచిదే. దైవప్రవక్త (స) కొండల నుండి పల్లానికి పారే వాగుల వైపు అప్పుడప్పుడు వెళ్ళేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. అటువంటి ఒక సందర్భంలోనే, తనకిచ్చిన ఒంటె పట్ల మృదువుగా వ్యవహరించమని, మృదుత్వం ఏ విషయంలో ఉంటే దానికి అందం తెస్తుందని ఆయన (స) ఆమెకు ఉపదేశించారు. ఇది అబూదావూద్ లో ఉంది. చూసివచ్చే ప్రతివారికీ ఈ హదీసులో పూర్తి మర్యాద ఉంది. చెట్ల కింద కేకలు వద్దు, పక్షులను ఎగరగొట్టి ఫోటోలు తీయవద్దు, భోజనాల ప్లాస్టిక్ వదలవద్దు. గూటి నుండి పిల్ల పడితే ఇంటికి తెచ్చుకోకండి, అటవీ శాఖ వారికి తెలపండి. ఈ పక్షులను వేటాడడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఒప్పందాలను నెరవేర్చమని మాయిదా సూరా మొదటి ఆయతు మనకు ఆజ్ఞ. మనం నివసించే దేశపు చట్టాన్ని పాటించడం అందులో భాగమే.

ఎండగట్టినవారు, నీరు వదిలినవారు

ఖుదూరీ ఇమామ్ పేర్కొన్న ఫురాత్, దిజ్లా నదులు కలిసే చోట దక్షిణ ఇరాఖ్ లో వేల చదరపు కిలోమీటర్ల తడి నేలలు ఉండేవి. జమ్ము గుడిసెలు, గేదెలు, చేపలు, లక్షల పక్షులు. 1990లలో అక్కడి పాలకులు రాజకీయ కక్షతో కాలువలు తవ్వి, కట్టలు పోసి వాటిని ఎండగట్టారు. 2000 నాటికి దాదాపు 90 శాతం నాశనమైంది. ప్రజలు వలసపోయారు. 2003లో ప్రజలే కట్టలు తెంచి నీటిని వదిలారు. నీరు వచ్చిన చాలా చోట్ల జమ్ము మొలిచింది, పక్షులు వచ్చాయి. 2016లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కరువు వల్ల, ఎగువన నీరు తగ్గడం వల్ల ఆ తర్వాత మళ్ళీ కష్టకాలం వచ్చింది. మనుషుల చేతులు సంపాదించిన దాని వల్లనే నేల మీద, నీటి మీద చెడు ప్రబలిందని రూమ్ సూరా 41వ ఆయతు చెబుతుంది. వారు మరలి రావాలనే ఆ ఫలితం రుచి చూపుతున్నాడని కూడా ఆ ఆయతులోనే ఉంది. మరలి వచ్చే దారి మూసుకుపోలేదన్న మాట.

మనం చేయవలసిన పని

పాలకుల పని పాలకులది. మన పని మనది. పెన్నా, జయమంగళి, చిత్రావతి నదుల వెంట, వాటిలో కలిసే వంకల వెంట ప్రతి ఊరికీ చెరువో కుంటో ఉంది.

మొదట, మన ఇంటి నుండి మొదలుపెడదాము. బక్రీదు రోజుల్లో ఖుర్బానీ వ్యర్థాలను వంకలోకి, చెరువులోకి వేయరాదు. ప్రజలు నీళ్ళు తీసుకునే చోట, దారిలో, నీడలో మలవిసర్జన చేయడం శాపానికి కారణమని అబూదావూద్ హదీసు. నిలిచిన నీటిలో మూత్రం పోయరాదని బుఖారీ, ముస్లిం హదీసు. పేగులు, కొవ్వు వేయడం అంతకంటే తేలిక ఎలా అవుతుంది? గొయ్యి తీసి పూడ్చండి. వలీమా విందుల ప్లాస్టిక్ గ్లాసులకు కూడా ఇదే నియమం.

రెండవది, చెరువుకు నీరు తెచ్చే వంకను మూయకండి. కట్ట ఎంత గట్టిగా ఉన్నా వంక మూసుకుపోతే చెరువు ఖాళీయే.

మూడవది, సర్కారు తుమ్మను పైపైన నరికితే మళ్ళీ గుబురుగా చిగురిస్తుంది. వేరుతో సహా తీయాలి. పూడిక తీసేటప్పుడు నిలువు గోతులు తవ్వకూడదు. అంచులు ఏటవాలుగా ఉంటేనే మోకాలి లోతు నీరు నిలిచి, తగ్గుతున్నకొద్దీ పచ్చిక మొలుస్తుంది. ఈ పనులు పంచాయతీ, సంబంధిత శాఖల అనుమతితోనే చేయించాలి.

నాలుగవది, పచ్చిక మొలిచిన కొత్తలో కొన్ని వారాలు మందలను ఆపి, తర్వాత వదలాలి. ముందు వంతు నాలుగు గొర్రెలున్న పేదవాడికి ఇవ్వాలి. ఇదే ఉమర్ (రజి) హిమా పద్ధతి.

ఒకే ఓడలో పై అంతస్తువారు, కింది అంతస్తువారు ఉన్నారని, కిందివారు నీటి కోసం తమ భాగంలో రంధ్రం చేయబోతే పైవారు ఆపకపోతే అందరూ మునుగుతారని దైవప్రవక్త (స) ఉపమానం చెప్పారు. బుఖారీలో ఉన్న ఈ హదీసును ప్రతి జమాఅత్ తలచుకోవాలి. అయితే ఆపడం ఒక్కటే సరిపోదు. కిందివారి దాహం సంగతి కూడా పైవారు చూడాలి. రెండెకరాలు వదులుకున్న ఆ సోదరుడు మాకు నేర్పిన పాఠం ఇదే.

ఓ అల్లాహ్! నీవు కురిపించిన నీటిని దాని చోటులో నిలిపే బుద్ధిని మాకు ప్రసాదించు. మా పశువుల వంతును, మా చెట్ల మీద గూడు కట్టే పక్షుల వంతును గౌరవించే మనసు ఇవ్వు. తెలియక ఆక్రమించినవారికి వదులుకునే ధైర్యాన్ని, వారిని ఆదుకునే ఔదార్యాన్ని మాకు కలిగించు. మా నీరు భూమిలోకి ఇంకిపోతే తిరిగి తెచ్చేవాడు నీవు తప్ప ఎవరూ లేరు. ఆమీన్!